క్వయర్ (చర్చిలో కలిసి పాడే బృందం) గురించి జనం అనుకునేవి, నలభై ఏళ్ళు పైగా పాడాక నాకు తెలిసినవి

నేను మ్యూజిక్ టీచర్ని కాదు, కచేరీలు చేసినదాన్నీ కాదు. గుంటూరులో పదకొండేళ్ళప్పుడు సండే స్కూల్ పిల్లలతో మొదలుపెట్టి, పెళ్ళయ్యి సికింద్రాబాద్ వచ్చాక కూడా బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే శనివారం ప్రాక్టీసు వదలకుండా ఇప్పటికి నలభై ఆరేళ్ళుగా చర్చి క్వయర్‌లో పాడుతున్నా. కొత్తగా చేరేవాళ్ళ నోట ఎప్పుడూ వినే మాటలు కొన్ని రాస్తున్నా.

అపోహ: గొంతు బాగున్నవాళ్ళే క్వయర్‌కి పనికొస్తారు.
మా మాస్టారు చూసేది గొంతు కాదు, చెవి. పక్కమనిషి గొంతు మీకు వినపడట్లేదంటే మీరు ఎక్కువ గట్టిగా పాడుతున్నట్టే. పెద్ద గొంతున్న అమ్మాయి వచ్చి అందరి మీదా తేలిపోతూ ఉంటే ఆమెని కలుపుకోడానికి నెలలు పడుతుంది, మామూలు గొంతుతో శ్రద్ధగా వినేవాళ్ళు నాలుగు వారాల్లో కలిసిపోతారు.

అపోహ: సొప్రానో రానివాళ్ళని ఆల్టోలో పడేస్తారు.
ఆడవాళ్ళలో పై వరస పాడేది సొప్రానో, ట్యూన్ ఎక్కువగా వాళ్ళదే; దాని కింద వరస ఆల్టో, మగవాళ్ళవి టెనర్, బేస్, ఈ నాలుగు వరసల్నే పార్టులు అంటాం. పదహారేళ్ళప్పుడు నన్ను ఆల్టోకి మారిస్తే ఇంటికొచ్చి ఏడ్చాను, ఆదివారం మా అమ్మ "నీ పాటేదే, వినపళ్ళేదు" అంది, ఇంకా ఏడుపొచ్చింది. కొన్నేళ్ళ తర్వాత జ్వరమొచ్చి ఒక ఆదివారం వెనక బెంచీలో కూర్చుని విన్నా, ఆ రోజు ఆల్టోలో ఇద్దరే ఉన్నారు, పైన ట్యూన్ బానే ఉంది కింద బేస్ బానే ఉంది, మధ్యలో మాత్రం ఏదో ఖాళీ. స-గ-ప కలిపి పాడేటప్పుడు ఆ గాంధారం చాలాసార్లు మాకే వస్తుంది, అది కాస్త దిగిందంటే పాట మొహమే మారిపోతుంది.

అపోహ: స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే స్వరలిపి) రాకపోతే కష్టం.
వస్తే మంచిదే. కానీ 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో జాన్ కర్వెన్ ప్రచారం చేసిన టానిక్ సోల్ఫా అని ఒకటుంది, డో రే మీ అక్షరాలతోనే పార్టులన్నీ రాసేస్తారు, నేను నేర్చుకుంది అదే. శృతి ఎక్కడ పెట్టినా మన 'స' ఎలా జరుగుతుందో 'డో' కూడా అలాగే జరుగుతుంది, కాబట్టి సరిగమలు వచ్చినవాళ్ళకి తొందరగా పట్టుబడుతుంది.

అపోహ: నాలుగు పార్టులు పెడితేనే క్వయర్ పాట.
దీని మీద మా దగ్గర గట్టి వాదనలే జరిగాయి. తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కాలం (1803-1890) నుంచీ మన క్రైస్తవ కీర్తనలు రాగం తాళం మీద కట్టినవి, పుస్తకంలో పాట పైనే రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. మోహన రాగమే తీసుకోండి, అందులో ఉన్నవి స రి గ ప ధ మాత్రమే. కీబోర్డు అబ్బాయి అలవాటు కొద్దీ నాలుగో కార్డ్ (కలిపి నొక్కే మూడు స్వరాలు, ఇక్కడ మ-ధ-స) నొక్కితే మధ్యమం వచ్చి కూర్చుంటుంది, ఐదోది (ప-ని-రి) నొక్కితే నిషాదం, ఇంక మోహన ఎక్కడుంది? స-గ-ప, ధ-స-గ ఈ రెండు కార్డులే పూర్తిగా రాగంలో ఉంటాయి. అందుకే మేం కీర్తనలు అందరం ఒకే వరసలో, మగవాళ్ళు కింది స్థాయిలో పాడతాం, పల్లవి చివర మాత్రం కొంచెం విడిపోతాం. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పాడటం, ఇరవైమంది ఒకేలా తియ్యడం నాలుగు పార్టులకన్నా కష్టం, నమ్మండి.

అపోహ: గొంతు పోతే గుసగుసగా మాట్లాడాలి, వేడినీళ్ళు తాగితే గొంతులో స్వరతంత్రులు తడుస్తాయి.
గుసగుసలాడితే చాలామందికి గొంతు ఇంకా బిగుసుకుంటుంది, మాట్లాడకుండా ఉండటమే మేలు. మింగిన నీళ్ళు స్వరతంత్రుల మీదకి పోవు, పోతే పొలమారుతుంది. నీళ్ళ మేలు ఒళ్ళంతా తిరిగి మెల్లగా అందుతుంది కాబట్టి ఉదయం నుంచే తాగుతూ ఉండాలి, స్టేజి ఎక్కే ముందు ఒక గ్లాసు తాగితే సరిపోదు.

అపోహ: వయసైతే మానెయ్యాలి.
మెనోపాజ్ తర్వాత చాలామందికి గొంతు కిందికి దిగుతుంది, ఊపిరి తగ్గుతుంది. పొడుగు స్వరం వచ్చినప్పుడు ఇప్పుడు నేను మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంటా, పక్కవాళ్ళు వేరే చోట తీసుకుంటారు, వినేవాళ్ళకి ఎక్కడా తెగదు. శృతి తగ్గితే మాత్రం చెప్పమ్మా అని నా పక్కన నిలబడే డిగ్రీ అమ్మాయికి చెప్పి పెట్టా. మొన్న శనివారం రెండుసార్లు మోచేత్తో తాకింది, రెండుసార్లూ తనే కరెక్టు.