ఆటగాడి బేరం: సర్కారు కొలువు నుంచి వేలంపాట దాకా

సంక్రాంతికి హన్మకొండ చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ టోర్నీలు పెడతారు. ఊరి జట్టులో గట్టి రైడర్ లేకపోతే పక్క మండలం నుంచి పిలిపించుకుంటారు. ఆ బేరం ఎలా సాగుతుందో ఒకసారి చాయ్ హోటల్‌లో పక్క బల్ల మీద కూర్చుని విన్నాను. జట్టు పెద్దమనిషి పైసల మాట ఎత్తనే లేదు. "రానుపోను చార్జీలు మావే తమ్మీ, రెండు పూటల తిండి మాదే. కప్పు కొడితే ప్రైజు మనీల నీకో వాటా" అన్నాడు. పిలగాడు కొంచెం నసిగాడు. "పక్కూరోళ్లు గూడ అడిగిండ్రన్నా..." పెద్దమనిషి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అడగనీ. పొద్దుగూకేలోపు మేం పేర్లు ఇయ్యాలె. నువ్వు కాదంటే ఇంకో పిలగాడు రెడీగున్నడు."

ఆ ఇంకో పిలగాడు నిజంగా ఉన్నాడో లేడో నాకు అనుమానమే. రైడర్ మాత్రం తలూపాడు.

గడువు పెట్టడం, రెండో మనిషిని చూపించడం, చేతికి డబ్బు ఇచ్చే బదులు గెలిస్తే వాటా ఇస్తామనడం. కోట్లు పలికే వేలంలో ఫ్రాంచైజీలు చేసేది కూడా దాదాపు ఇదే. కాకపోతే అక్కడ గడువు, షరతు అన్నీ రూల్ బుక్కులో అచ్చేసి ఉంటాయి. ఇప్పుడు మన పిల్లలు జేఎన్ స్టేడియంలో ప్రాక్టీసు చేసి ఫ్రాంచైజీల ట్రయల్స్‌కు రైలెక్కుతున్నారు. ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంతిస్తరంట?" అనే. కానీ ఈ బేరాల పాత కథలు తిరగేస్తే రేటు కంటే ముందే ఇంకొకటి తేలిపోతుంది. ఆటగాడికి వేరే దారి ఉందా లేదా అన్నది. ఆ దారి మూసేయడమే క్లబ్బుల అసలు పని.

మన దగ్గర ఈ కథ జీతంతో మొదలు కాలేదు, కొలువుతో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఫుట్‌బాల్ ఆడితే డబ్బు తీసుకోవడం మర్యాద కాదన్నది పైకి చెప్పే మాట. అయితే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిందంటే, దాని వెనక కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఎంత ఉన్నాడో పోలీసు ఉద్యోగమూ అంత ఉంది. మంచి ఆటగాడు కనిపిస్తే ఖాకీ డ్రెస్సు ఇచ్చేవారు. నెల తిరిగేసరికి జీతం, ముసలితనంలో పెన్షన్. అంతకు మించి బేరం ఆడడానికి ఏముంటుంది? రైల్వేలదీ అదే దారి. పి.కె. బెనర్జీ అంతటి ఆటగాడు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జెర్సీలు తొడగకుండా ఈస్టర్న్ రైల్వేకే ఆడాడు. 1958లో ఆ జట్టుకు కలకత్తా లీగ్ కూడా గెలిపించాడు.

కాజీపేట రైల్వే క్వార్టర్ల పక్కన, గోదావరిఖని, మందమర్రి గనుల కాలనీల్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. "మంచిగ ఆడితే రైల్వేల కొలువొస్తది", "సింగరేణిల పెట్టుకుంటరు" అనే మాట విననిదే ఇక్కడ ఏ పిలగాడూ షూ లేసు కట్టలేదు. ఆ ఉద్యోగం గొప్ప వరమే. అదే సమయంలో మెడకు కట్టిన పలుపు కూడా. డిపార్ట్‌మెంట్ వదిలి ఇంకో జట్టుకు పోతానంటే పోయేది జట్టు ఒక్కటే కాదు, ఇంటి అద్దె, పిల్లల ఫీజు కూడా.

డబ్బు ఆశ చూపింది కలకత్తా క్లబ్బులు. కాకినాడ నుంచి వెళ్లిన అప్పారావు ఈస్ట్ బెంగాల్‌లో 'పంచ పాండవులు' అని పేరుపడ్డ ఐదుగురు ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు. తర్వాతి తరంలో హైదరాబాద్ నుంచి వెళ్లిన మహ్మద్ హబీబ్ ఉద్యోగం జోలికి పోకుండా ఆటనే వృత్తి చేసుకున్నాడు. దేశంలో తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ను అనేది అందుకే. ఆ రోజుల్లో అక్కడ ఆటగాడు ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకు స్వయంగా వెళ్లి సంతకం పెట్టాలి. అందుకని క్లబ్బు మనుషులు సంతకాల సీజన్‌లో ఆటగాళ్లను ఎవరికీ తెలియని ఇళ్లలో దాచేసేవారు. అవతలి క్లబ్బువాడు కలవకపోతే అవతలి రేటు తెలియదు కదా. మోటుగా ఉన్నా, ఇంత నిజాయితీగా తమ ఉద్దేశం బయటపెట్టిన బేరం మళ్లీ రాలేదనిపిస్తుంది నాకు.

ఇంగ్లండ్‌లో అంత శ్రమ పడలేదు, కాగితంతోనే కట్టేశారు. కాంట్రాక్టు ముగిసినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలోనే ఉండేది, అది వదిలితే తప్ప ఇంకో క్లబ్బుకు ఆడలేడు. పైగా 1961 దాకా వారానికి 20 పౌండ్లు దాటి జీతం ఇవ్వకూడదన్న రూలు. జార్జ్ ఈస్టమ్ కోర్టుకెక్కి 1963లో ఆ కట్టును సగం తెంపాడు. మిగతా సగం బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసుతో 1995లో తెగింది. కాంట్రాక్టు అయిపోయినవాడు ఇక తన ఇష్టం వచ్చిన క్లబ్బుకు పోవచ్చు. దాంతో యూరప్ క్లబ్బుల ఎత్తుగడ మారిపోయింది. కాంట్రాక్టు చివరి ఏడాదికి రాకముందే కొత్తది ముందు పెట్టి సంతకం చేయించుకోవడం, లేదంటే అమ్మేయడం. మధ్యలో తమాషాలూ ఉన్నాయి. 2013లో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ కాంట్రాక్టులో నాలుగు కోట్ల పౌండ్లు దాటిన ఆఫర్ గురించి ఒక షరతు ఉందని తెలిసి ఆర్సెనల్ సరిగ్గా నాలుగు కోట్ల ఒక్క పౌండు ఇస్తామంది. లివర్‌పూల్ ఆ ఒక్క పౌండుకు నవ్వి ఊరుకుంది తప్ప ఆటగాణ్ని ఇవ్వలేదు. షరతు ఉండటం వేరు, దాన్ని అమలు చేయించుకోవడం వేరు.

క్రికెట్‌లో మనకు దగ్గరి కథ 2007లో మొదలైంది. ఇండియన్ క్రికెట్ లీగ్ అని బీసీసీఐకి సంబంధం లేని లీగ్ ఒకటి వచ్చింది. అంబటి రాయుడితో పాటు మన హైదరాబాద్ ఆటగాళ్లు చాలామంది అందులో హైదరాబాద్ హీరోస్‌కు ఆడారు. ఆటగాడికి రెండో తలుపు తెరుచుకోవడం అదే మొదలు. బీసీసీఐ వాళ్లందరినీ నిషేధించింది, మరుసటి ఏడాదే ఐపీఎల్ తెచ్చింది. 2009లో క్షమాభిక్ష పెట్టి వెనక్కి రానిచ్చింది. అప్పటికి రెండో తలుపుకు తాళం పడింది.

2008 ఫిబ్రవరిలో జరిగిన తొలి వేలంలో ఒక్కో జట్టు పర్సు, అంటే ఆటగాళ్ల మీద పెట్టగల మొత్తం, 50 లక్షల డాలర్లు. సచిన్, గంగూలీ, ద్రవిడ్, సెహ్వాగ్, యువరాజ్‌లను వేలంలోకి రాకుండా సొంత ప్రాంతపు జట్టుకే ఉండిపోయే ఐకాన్లుగా పెట్టారు. ఐకాన్‌కు జట్టులో అందరికంటే ఎక్కువ పలికినవాడి మీద 15 శాతం అదనంగా ఇవ్వాలి. అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్‌కు ఐకాన్‌గా ఉండమంటే వీవీఎస్ లక్ష్మణ్ వద్దన్నాడు. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లను కొనుక్కోండన్నాడు. లెక్క చూడండి. చార్జర్స్ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొంది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి, సైమండ్స్‌ను అదే ధరకు కొని ఉంటే లక్ష్మణ్‌కు 15.5 లక్షల డాలర్లు వచ్చేవి. వేలంలో ఆయనకు దక్కింది 3.75 లక్షలు. బేరంలో ఆటగాడే క్లబ్బు వైపు కూర్చున్న సందర్భం ఇంకోటి నాకు తెలియదు. ఇంత చేసీ ఆ ఏడాది చార్జర్స్ చిట్టచివర నిలిచింది. మరుసటేడు కప్పు కొట్టింది, అది వేరే ముచ్చట. ఐకాన్ బరువు లేని చెన్నై అయితే ధోనీని 15 లక్షల డాలర్లకు ఎగరేసుకుపోయింది. పేరున్న ఆటగాడు లేకపోవడం కూడా ఒక్కోసారి పర్సుకు బలమే.

ఈ వ్యవస్థలో ఆటగాడు తన తరఫున తానే బేరం ఆడితే ఏమవుతుందో రవీంద్ర జడేజా చూపించాడు. రాజస్థాన్‌కు ఆడుతూనే ఇంకో ఫ్రాంచైజీతో నేరుగా మాట్లాడాడని 2010 సీజన్ మొత్తం ఆడనివ్వలేదు. బయట మన ఉద్యోగాల్లో దీన్ని 'ఆఫర్ తెచ్చుకోవడం' అంటాం, పార్టీ ఇస్తాం. రెండేళ్ల తర్వాత అదే జడేజా కోసం చెన్నై, డెక్కన్ చార్జర్స్ పోటీపడి చేతిలో ఉన్న 20 లక్షల డాలర్లూ ఊడ్చి పెట్టాయి. పర్సులో ఇంకా పెంచడానికి లేకపోయేసరికి టై అయింది. అప్పుడు సీల్డ్ కవర్లో ఇంకో అంకె రాసి ఇవ్వాలి. ఎక్కువ రాసింది చెన్నై. ఆ రహస్యపు అంకె తాలూకు డబ్బు మాత్రం జడేజాకు కాదు, బోర్డుకు పోయింది.

2024లో వచ్చిన ఐపీఎల్ రూల్స్ ఇంకా గట్టివి. జట్లు దాదాపు మొత్తం కొత్తగా కట్టుకునేది పెద్ద వేలం, మధ్య ఏళ్లలో ఖాళీలు నింపుకునేది చిన్న వేలం. విదేశీ ఆటగాడు పెద్ద వేలానికి పేరు ఇవ్వకుండా చిన్న వేలానికే వస్తానంటే కుదరదు. చిన్న వేలంలో సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ. 2023 డిసెంబర్‌లో సన్‌రైజర్స్ కమిన్స్‌ను 20.50 కోట్లకు, కోల్‌కతా స్టార్క్‌ను 24.75 కోట్లకు కొన్నది అలాంటి వేలంలోనే. ఆటగాళ్లు ఆ కిటుకు కనిపెట్టేసరికి కిటికీ వేసేశారు. వేలంలో అమ్ముడై తర్వాత రానంటే రెండేళ్ల నిషేధం. హ్యారీ బ్రూక్‌కు 2025లో పడింది.

కబడ్డీకి వస్తే, 2014లో ప్రొ కబడ్డీ మొదటి వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.80 లక్షలు. నాలుగేళ్లకే కోటి దాటింది. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొంది. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లకు రెండే గెలిచింది. మరుసటి వేలానికి పవన్‌ను వదిలేసింది. వేరే జట్టు పాట 1.725 కోట్ల దగ్గర ఆగగానే 'ఫైనల్ బిడ్ మ్యాచ్' కార్డు చూపించి అదే ధరకు తిరిగి తెచ్చుకుంది. అదే ఆటగాడు, అదే జట్టు, 88 లక్షలు తక్కువ. ఇందులో రూలు తప్పింది ఏమీ లేదు. ఈ కార్డు చేతిలో ఉంటే పాత జట్టు ముందుగా రేటు చెప్పనక్కర్లేదు. మార్కెట్ చెప్పేదాకా కూర్చోవచ్చు. పాట పాడేవాడికేమో చివరికి ఎలాగూ లాక్కుంటారన్న అనుమానం. ఐపీఎల్ దీనికి ఒక విరుగుడు తెచ్చింది. పాత జట్టు కార్డు ఎత్తితే, పాడినవాడు ఇంకోసారి పెంచుకోవచ్చు. రిషభ్ పంత్ 20.75 కోట్ల నుంచి ఒక్క గెంతుతో 27 కోట్లకు చేరింది ఆ రూలు వల్లే.

మన పిల్లలకు తగిలేది ఈ కోట్ల వేలం కాదు. ప్రొ కబడ్డీలో 'న్యూ యంగ్ ప్లేయర్' అనే దారి ఒకటుంది. ట్రయల్స్‌లో నచ్చిన కుర్రాణ్ని వేలంతో పని లేకుండా జట్టు నేరుగా తీసుకుంటుంది, తర్వాతి సీజన్లకూ తన దగ్గరే ఉంచుకునే హక్కు పెట్టుకుంటుంది. 2018లో ఢిల్లీలోకి అలా వచ్చిన నవీన్ కుమార్, లీగ్‌లో మేటి ఆటగాడిగా అవార్డు అందుకున్న తర్వాత కూడా వేలంలో కనబడకుండా అదే జట్టులో కొనసాగాడు. అవకాశం ఇచ్చిందీ వాళ్లే, మార్కెట్‌కు దూరంగా ఉంచిందీ వాళ్లే. పంతొమ్మిదేళ్ల పిలగాడి ముందు ఆ కాగితం పెట్టి, బయట ఇంకో ఇరవై మందిని బెంచీ మీద కూర్చోబెడితే ఎన్ని సీజన్లని అడిగే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

అమ్మాయిల సంగతి ఇంకా పలచన. నిజామాబాద్ బిడ్డ, ఫుట్‌బాలర్ గుగులోత్ సౌమ్య 2022లో ట్రయల్స్ ఆడి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌తో ఒప్పందం చేసుకుందంటే, ఇక్కడ మహిళల లీగ్ అప్పటికి ఎంత చిన్నదో ఆలోచించండి. ఒక్కో క్లబ్బు కనీసం పది మంది భారత ఆటగాళ్లకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో చెప్పింది. నెలకు 27 వేలు కూడా రాదు. అయినా బేరం మొదలయ్యే గీత ఒకటి గీసినట్టయింది.

చాయ్ హోటల్ రైడర్ సంగతి మధ్యలో వదిలేశాను. ఆ జట్టు సెమీఫైనల్లో ఓడింది. కప్పు లేదు కాబట్టి వాటా లేదు, పిలగాడికి చార్జీలు ముట్టాయి. అదే టోర్నీకి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం చేస్తున్న ఆటగాడొకడు కూడా వచ్చాడు. ఒకప్పుడు కాళ్లకు అడ్డంపడే ఆ కొలువే ఇప్పుడు అతనికి రెండో తలుపు. బల్ల దగ్గరికి రాలేదు, బండి స్టాండ్ కూడా వేయలేదు. "మ్యాచ్‌కు ఇంత. ముందుగాలే ఇయ్యాలె. లేకుంటే చెప్పుండ్రి, డ్యూటీకి పోత" అన్నాడు. పొద్దుగూకే మాట గానీ, ఇంకో పిలగాడి మాట గానీ ఎత్తకుండా పెద్దమనిషి జేబులో నోట్లు తీసి లెక్కపెట్టాడు.