స్వతంత్ర సమీక్షకు ఒప్పుకోక భారత్ దూరమైన కూటమి

2010 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో నాటి అమెరికా అధ్యక్షుడు ఒబామా తోటి దేశాలను ఒక కోరిక కోరారు. అవినీతిని అరికట్టడానికి, పాలనలో పౌరులకు చోటివ్వడానికి ఏం చేస్తారో మరుసటి ఏడాది నిర్దిష్టమైన హామీలతో రమ్మన్నారు. 2011 సెప్టెంబరు 20న న్యూయార్క్‌లో ఎనిమిది దేశాలతో ‘ఓపెన్ గవర్నమెంట్ పార్ట్‌నర్‌షిప్’ అనే పారదర్శక పాలన కూటమి మొదలైంది. అమెరికా, బ్రెజిల్ తొలి సారథులు.

ఆ ఎనిమిదిలో భారత్ లేదు. సన్నాహక చర్చల్లో పాల్గొన్నా ప్రారంభానికి ముందే తప్పుకుంది. హామీల అమలును ప్రభుత్వేతర నిపుణులు సమీక్షించి నివేదిక ప్రచురించాలన్న నిబంధన మనవారికి నచ్చలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి.

ఇది బాధ కలిగించే విషయం. ఎందుకంటే కూటమి సారథ్య సంఘంలో ప్రభుత్వాల పక్కన కూర్చున్న పౌర సంఘాల్లో రాజస్థాన్‌కు చెందిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఒకటి. 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో ఆ సంఘం తొలి ‘జన్ సున్వాయి’ (బహిరంగ విచారణ) జరిపింది. పనుల లెక్కలు, మస్టర్లు (కూలీల హాజరు, చెల్లింపుల పట్టీలు) ఊరందరి ముందు చదివి వినిపించింది. చేయని పనికి బిల్లులు, రాని కూలీల పేర్లు అక్కడికక్కడే బయటపడ్డాయి. ఆ లెక్కలు చూసే హక్కు కోసం 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. ఆ కదలికే 2005 సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. ఉపాధి హామీ పథకం 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయ్యాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇదే పద్ధతిని సామాజిక తనిఖీగా ఊరూరా నడిపింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీనే పెట్టింది. ప్రపంచానికి నేర్పగలిగినంత అనుభవం మనది.

కూటమిలో చేరిన దేశం పౌర సంఘాలతో కలిసి కార్యాచరణ ప్రణాళిక రాసుకోవాలి. మాట తప్పితే శిక్ష లేదు, సమీక్ష నివేదిక తెచ్చే అప్రతిష్ఠే ఉంది. పట్టుదల ఉన్నచోట అదీ చాలింది. 2014 ప్రజా తిరుగుబాటు తర్వాత, కూటమి సభ్యదేశమైన ఉక్రెయిన్‌లో కార్యకర్తలు, వ్యాపారులు, అధికారులు కలిసి ‘ప్రోజోర్రో’ అనే టెండర్ల వ్యవస్థను నిర్మించారు. ఎవరు ఎంతకు బిడ్ వేశారో ఎవరైనా చూడవచ్చు.

పట్టుదల లేనిచోట దేశాలే వెళ్లిపోయాయి. పౌర సంఘాలను వేధిస్తోందన్న ఫిర్యాదుపై విచారణ ఎదుర్కొన్న హంగరీ 2016లో, టాంజానియా 2017లో తప్పుకున్నాయి. కార్యకర్తల ఫోన్లపై నిఘా పెట్టారంటూ మెక్సికో పౌర సంఘాలు 2017లో ప్రభుత్వంతో కలిసి పనిచేయడం మానేశాయి. నా దృష్టిలో ఈ నిష్క్రమణలు స్వతంత్ర సమీక్ష ఎంత అవసరమో చెబుతున్నాయి.

మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె)ని సవరించింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత వివరాలు ఇవ్వవచ్చన్న మాట ఆ నిబంధన నుంచి పోయింది. సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజన వాదన ఇంకా వినిపించవచ్చు. కానీ అడిగిన మస్టరులో ఉండేవి కూలీల పేర్లు, వారికిచ్చిన డబ్బుల వివరాలే. వాటిని వ్యక్తిగత సమాచారమని అధికారి నిరాకరిస్తే, తనిఖీకి కూర్చున్న ఊరి చేతిలో చదవడానికి ఏమీ ఉండదు.