పాత చేతక్ హెలికాప్టర్‌కి రంగేసి పెడితే సరిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేవీలో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ సైడ్ పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు శ్రీకాకుళంలోనే ఉంటున్నాను. సర్వీసులో నా చేతులకి ఎక్కువ ఆయిల్ అంటించింది చేతక్ హెలికాప్టరే. మన వైపు ఎక్స్-సర్వీస్‌మెన్ నలుగురు కలిస్తే ఈమధ్య ఒకటే మాట, వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది, టీయూ-142 విమానం ఉంది, మన శ్రీకాకుళానికో విజయనగరానికో ఒక పాత చేతకయినా తెచ్చి పెట్టుకోలేమా అని. కోరిక మంచిదే, నాకూ ఉంది. కానీ ఆ మాటతో పాటు వచ్చే మిగతా మాటలు వింటుంటేనే కంగారేస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "అదేటి బావూ, పాత డబ్బా, స్కూటర్ ఇంజిన్ లాంటిది పెట్టి ఎగరేసేవోరు కదా"

కాదు. చేతక్ అంటే ఫ్రాన్స్ వాళ్ళ అలూయెట్-3, అది మొదటిసారి ఎగిరింది 1959 ఫిబ్రవరిలో, అప్పటికే దానిది జెట్ జాతి ఇంజిన్, అంటే గ్యాస్ టర్బైన్. పేరు ఆర్టూస్ట్-3బి. తాగేది పెట్రోలు కాదు, కిరోసిన్ రకం విమాన ఇంధనం, ఏటీఎఫ్ అంటారు. ఆ ఇంజిన్ సత్తా 870 హార్స్‌పవర్, కానీ కావాలనే 570 దగ్గర కట్టేసి వాడతారు. ఎందుకంటే కొండల మీద, ఎండల్లో గాలి పల్చబడినప్పుడు మామూలు ఇంజిన్ పవర్ పడిపోతుంది, దీనికి మాత్రం వెనకాల మిగులు ఉంటుంది కాబట్టి చాలా ఎత్తుదాకా అదే 570 ఇస్తూ పోతుంది. 1960లో మనుషుల్ని ఎక్కించుకుని యూరప్ ఆల్ప్స్ కొండల్లో మోబ్లాఁ శిఖరం మీద, అదే ఏడాది మన హిమాలయాల్లో దేవ్ టిబ్బా మీద 6,000 మీటర్ల ఎత్తులో దిగిందంటే దాని చలవే.

ఇంకో తమాషా, ఈ ఇంజిన్ నిమిషానికి 33,500 చుట్లు తిరుగుతుంది, పైన రెక్కలేమో 350 పైచిలుకు, మధ్యలో గేర్‌బాక్సు. స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటుంది గానీ రెక్కలు కదలవు, క్లచ్ పట్టుకున్నాకే మెల్లగా మొదలవుతాయి. మొదటిసారి చూసిన కుర్రాళ్ళు ఏదో పాడైపోయింది అనుకుంటారు.

అపోహ: "ఫ్రాన్స్‌ది కదా, మనదేముంది అందులో"

1962లో మన హెచ్ఏఎల్, అంటే ప్రభుత్వ విమానాల కంపెనీ, తయారీ లైసెన్సు తీసుకుంది, 1965 నుంచి బెంగళూరులో తయారై బయటికి రావడం మొదలైంది, మొత్తం 300కి పైగానే చేశారు. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు. దాని తమ్ముడు చీతా సంగతయితే ఇంకా గట్టిది, మన సైన్యం హిమాలయాల్లో ఎత్తుకి పోయే చిన్న హెలికాప్టర్ కావాలి అని అడిగితేనే ఫ్రాన్స్ వాళ్ళు దాన్ని డిజైన్ చేశారు, అలూయెట్-2 ఒళ్ళు, అలూయెట్-3 ఇంజిను, గేర్‌బాక్సు, రోటరు (పైన తిరిగే రెక్కల సెట్టు) కలిపి. 1969లో ఎగిరింది. 1984 ఏప్రిల్ 13న సియాచిన్ మంచు ప్రాంతాన్ని పట్టుకోవడానికి ఆపరేషన్ మేఘదూత్ మొదలైనప్పుడు జవాన్లని పైకి దింపింది ఆ చీతాలే. కార్గిల్‌లో మహిళా పైలట్లు గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ నడిపిందీ చీతానే. ఇంతకంటే మనది ఎలా అవుతుందో నాకు తెలియదు.

అపోహ: "చిన్నది కదా, అంబులెన్స్ పనికీ, పెద్దోళ్ళని తిప్పడానికే, యుద్ధంలో దానికి పనేటి"

మన జిల్లాల్లో హెలికాప్టర్ అంటే రెండే గుర్తు, ఎలక్షన్ల మీటింగు, తుఫానొచ్చాక అన్నం పొట్లాలు. అందుకే ఈ మాట వస్తుంది అనుకుంటా. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, డిసెంబర్ 3 రాత్రి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని నారాయణ్‌గంజ్ దగ్గర గోద్నాయిల్ ఆయిల్ డిపోని కొట్టింది ఒక అలూయెట్-3. మన వాయుసేన ఇచ్చింది, ముక్తివాహిని, అంటే బంగ్లాదేశ్ స్వాతంత్ర్య సేన వైపు వచ్చేసిన బెంగాలీ పైలట్లు నాగాలాండ్ దిమాపూర్‌లో ట్రైనింగ్ అయ్యి, రెండు పక్కలా రాకెట్ పాడ్‌లు బిగించుకుని రాత్రిపూట చెట్ల ఎత్తున పోయి కొట్టారు. కిలో ఫ్లైట్ అంటారు వాళ్ళని. మన నేవీలో నీలగిరి తరగతి యుద్ధనౌకల మీద ఇదే చేతక్ సబ్‌మెరైన్ల మీదికి నీళ్ళలో పోయి పేలే టార్పెడో మోసుకుపోయేది. విమానవాహక నౌక మీద విమానాలు దిగుతున్నంతసేపూ పక్కన గాల్లో నిలబడి ఉండేది, ఎవరైనా నీళ్ళలో పడితే విన్చ్‌తో, అంటే కేబుల్ చుట్టి పైకి లాగే యంత్రంతో, లాగడానికి. ఆ విన్చ్ 175 కిలోలు లాగుతుంది. పడిన పైలట్‌కి ఆ నిమిషంలో అది చిన్నదా పెద్దదా అని ఆలోచనే ఉండదు.

అపోహ: "ఇంజిన్ ఆగితే రాయిలాగ పడిపోద్ది"

దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాను. 1972 జూన్ 21న జాఁ బూలే అనే ఫ్రెంచ్ టెస్ట్ పైలట్ లామా, అంటే మన చీతా అసలు మోడల్‌ని 12,442 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళాడు, అక్కడ ఇంజిన్ ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు, అంతెత్తు నుంచీ ఇంజిన్ లేకుండానే కిందికి దిగాడు, క్షేమంగా. దిగేటప్పుడు కింద నుంచి కొట్టే గాలే రెక్కల్ని తిప్పుతుంది, దాన్నే ఆటోరొటేషన్ అంటారు. ప్రతి హెలికాప్టర్ పైలటూ ప్రాక్టీస్ చేసేదే.

ఇక అసలు విషయం. నాకు మండేది ఇక్కడే.

అపోహ: "నీట్‌గా రంగేసి స్తంభం మీద నిలబెడితే భద్రపరిచినట్టే"

రంగు ఆఖరి పని. మొదటి పని నీరు. హెలికాప్టర్ ఒంట్లో ఎక్కువ భాగం అల్యూమినియం రేకు, దాన్ని పట్టుకుని ఉన్న బోల్టులు, ఫిట్టింగులు చాలావరకు స్టీలు, ఆ తరం గేర్‌బాక్సుల తొడుగుల్లో మెగ్నీషియం మిశ్రమం వాడటం మామూలే. ఈ మూడూ ఒకదానికొకటి ఆనుకుని ఉండి మధ్యలో ఉప్పునీరు చేరిందంటే అది బ్యాటరీయే, కరెంటు పుట్టి మెత్తని లోహాన్ని తినేస్తుంది. ముందు మెగ్నీషియం, తర్వాత అల్యూమినియం. ఇనుములాగ ఎర్రగా తుప్పు కనబడదు, రంగు కింద చిన్న బుడగలు లేస్తాయి, గోరుతో గీకితే తెల్లటి పిండి రాలుతుంది. దాని మీద ఇంకో కోటు రంగేస్తే బయటికి బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల తినడం ఆగదు. సర్వీసులో ఉన్నప్పుడు సముద్రం మీద ఎగిరొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగేవాళ్ళం, ఇంజిన్ కంప్రెసర్‌లోకి కూడా నీళ్ళు పట్టించేవాళ్ళం. అంత చేస్తేనే ఆగేది. పార్కులో పెట్టాక ఎవరు కడుగుతారు? కళింగపట్నం తీరంలోనో భోగాపురం దగ్గరో పెడదాం, టూరిస్టులు వస్తారు అంటే నేను ఒప్పుకోనిది అందుకే. సముద్రానికి ఎంత దూరం పెడితే అంత ఆయుష్షు.

రంగు వేసేవాళ్ళు తెలియక చేసే ఇంకో పని, పొట్ట కింద ఉండే సన్నటి కన్నాల్ని పుట్టీ పెట్టి మూసేయడం. అవి తయారీలో పొరపాటు కాదు నాయనా, లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికే పెట్టారు. మూసేస్తే వానాకాలమంతా హెలికాప్టర్ పొట్టలో చెరువే. అలాగే టార్పాలిన్ కప్పేసి బాగా కాపాడుతున్నాం అనుకుంటారు, పగలు ఎండకి లోపల ఆవిరి పుట్టి రాత్రికి నీటి బొట్లయి అక్కడే ఉండిపోతుంది. కప్పాల్సింది ఇంజిన్ నోరు, పొగ గొట్టం, పిటో గొట్టం, అంటే వేగం కొలవడానికి గాలి పట్టే సన్న గొట్టం. చేతక్‌కి ఇంజిన్ మీద తొడుగు ఉండదు, రోటర్ వెనకాల ఆకాశం కిందే ఉంటుంది, కాబట్టి దాని రెండు చివర్లకీ బ్లాంకులు, అంటే మూతలు, బిగించకపోతే వాన ఒకటే కాదు, ఉడతలు, పిచ్చుకలు కాపురం పెడతాయి. పిటో గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కడతాయి. వీటన్నిటికంటే మంచిది నాలుగు వైపులా గాలాడే ఒక రేకుల షెడ్డు. అందంగా ఉండదు అంటారు, ఉండదు మరి.

ముందుండే పెద్ద బుడగ అద్దం గాజు కాదు, పర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్. మెరిపిద్దామని థిన్నర్‌తోనో పెట్రోల్‌తోనో తుడిచారో, జుట్టంత సన్నటి పగుళ్ళు ఒళ్ళంతా పాకేస్తాయి, ఇక అది బాగవదు. మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్ళు, అంతే.

తర్వాత తుఫాను. ఇది బెంగళూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మనకే చెప్పుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ, కొబ్బరి తోటలు ఏమయ్యాయో చూసినవాళ్ళమే. హెలికాప్టర్ రెక్క తిరుగుతున్నప్పుడే గట్టిది, ఆ తిరుగుడు లాగే బలం వల్లే బిగుసుకుని ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు అది పొడవాటి వంగే బద్ద, 11 మీటర్ల రోటర్‌లో సగం అంటే ఒక్కోటీ అయిదు మీటర్ల పైనే. ఈదురుగాలికి పైకి లేచి కిందికి కొట్టుకుంటుంది, మొదలు దగ్గర కీళ్ళు విరుగుతాయి, లేదా తోకని నరికేస్తుంది. ఎగిరే రోజుల్లో రెక్కలకి టై-డౌన్‌లు, అంటే కిందికి లాగి పట్టే కట్లు, కట్టకుండా రాత్రి ఎవరం ఇంటికి పోయేవాళ్ళం కాదు. ప్రదర్శనకి పెట్టాక ఆ కట్లు ఫోటోలో బాగోవని తీసేస్తారు. తుఫాను హెచ్చరిక వస్తే రెక్కలు విప్పి లోపల పెట్టే ఏర్పాటు ముందే ఉండాలి, మూడే రెక్కలు, మనుషులుంటే పెద్ద పనేం కాదు.

బరువంతా చక్రాల మీద వదిలేయకూడదు, టైర్లు ఎండకి పగులుతాయి, ఆయిల్ కారి చక్రం పైనుండే షాక్ స్ట్రట్ కుంగి ఒక పక్కకి ఒరుగుతుంది. జాకీ పెట్టి లేపే చోట్ల కింద స్టాండు పెట్టాలి. తెచ్చేముందు ఇంధనం, ఆయిల్, బ్యాటరీ, మంటలార్పే సిలిండరు, పేలే కార్ట్రిడ్జ్‌లు అన్నీ తీసేశారని కాగితం మీద రాయించుకోవాలి, పిల్లలు ఎక్కే చోటు అది.

రెక్కలంటే గుర్తొచ్చింది, విప్పి రవాణా చేసి మళ్ళీ బిగించేటప్పుడు తలకిందులుగా బిగించిన బొమ్మలు కూడా చూశాను. ఫ్రెంచ్ హెలికాప్టర్‌కి రెక్కలు పైనుంచి చూస్తే గడియారం ముల్లు వైపే తిరుగుతాయి, అమెరికావాటికి ఎదురు. మందంగా గుండ్రంగా ఉన్న అంచు ముందుకుండాలి. మధ్యలో రెక్కకీ రెక్కకీ కట్టి ఉండే కేబుళ్ళు కూడా వేలాడుతున్నాయని కోసి పారేస్తారు, అవి రోటర్‌లో భాగమే బాబూ.

అపోహ: "కొంచెం రిపేర్ చేస్తే మళ్ళీ ఎగురుద్ది, ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం"

ఎగరదు, స్టార్ట్ చేయకూడదు కూడా. రెక్కలు, వాటిని పట్టుకుని ఉండే రోటర్ హెడ్, గేర్‌బాక్సు, ఇంజిను, ప్రతిదానికీ ఎగిరిన గంటల లెక్క ఉంటుంది, కొన్నిటికి క్యాలెండర్ లెక్క కూడా. చూడ్డానికి కొత్తదానిలా ఉన్నా గంటలు అయిపోతే అది తీసేయాల్సిందే. పైగా రిటైరైన దాంట్లోంచి పనికొచ్చే భాగాలు ఎగిరేవాటికి తీసేస్తారు, అది దోపిడీ కాదు, పద్ధతే. మనకొచ్చేది చాలాసార్లు పై గుల్ల, లోపల సగం ఖాళీ. ఆ సంగతి బోర్డు మీద రాసిపెడితే తప్పేం లేదు.

అపోహ: "రంగు ఏదైతే ఏటి, కొంచెం కలర్‌ఫుల్‌గా ఉంటే పిల్లలకి నచ్చుద్ది"

ఈ మాట అన్నవాళ్ళతో నేను చాలాసేపు వాదిస్తాను. హెలికాప్టర్ పేరు దాని తోక మీద ఉండే నంబరే. వాయుసేనదయితే జెడ్‌తో మొదలవుతుంది, నేవీది ఐఎన్‌తో. 1986 నవంబర్‌లో ఆర్మీ ఏవియేషన్ విడిగా ఏర్పడ్డాక కొన్ని అటు వెళ్ళాయి, కాబట్టి ఒకే చేతక్ రెండు యూనిఫాంలు వేసుకుని ఉండొచ్చు. ఆ నంబరు పోతే అది ఎక్కడ పనిచేసింది, ఏ నౌక ఎక్కింది, ఎవరిని లాగింది అన్నదంతా పోయినట్టే, మిగిలేది పార్కులో జారుడుబల్ల. పాత రంగు గీకేముందు ప్రతి వైపు నుంచీ ఫోటోలు తీయండి, అక్షరాల కొలతలు రాసుకోండి, చిన్న చిన్న హెచ్చరిక రాతలు కూడా, ఇక్కడ కాలు పెట్టవద్దు లాంటివి. ఒక మూల చేయంత రంగు గీకకుండా వదిలేయండి, కింద పొరల్లో పాత యూనిట్ గుర్తు దొరకొచ్చు. తయారీ వివరాలుండే డేటా ప్లేట్ స్క్రూలు ఊడదీసి ఎవరో జ్ఞాపకంగా పట్టుకుపోతారు, దాన్ని ముందే చూసుకోవాలి. లాగ్‌బుక్ అసలుది ఇవ్వకపోయినా కాపీ అడగాలి, ఎన్ని గంటలు ఎగిరిందో అందులోనే ఉంటుంది.

అపోహ: "గుర్తుపెట్టుకోవాల్సింది పైలట్లనే"

పైలట్ల పేర్లు ఎలాగూ ఉంటాయి, మెడల్స్ ఇచ్చేటప్పుడు రాసే సైటేషన్‌లలో, పేపర్లలో. కానీ ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా మన రెండు జిల్లాల నుంచి సైన్యంలో చేరినవాళ్ళు ఎక్కువమంది జవాన్లు, సెయిలర్లు, టెక్నీషియన్లు. ఊగే డెక్ మీద రాత్రిపూట రోటర్ హెడ్‌కి గ్రీజు కొట్టినవాడు, విన్చ్ దగ్గర డోర్‌లో కూర్చుని కేబుల్ వదిలినవాడు ఏ సైటేషన్‌లోనూ ఉండడు. కొంతమంది పోయారు కూడా. ఈ ఇంజిన్ స్టార్టులో ఏ శబ్దం మంచిది ఏది కాదు, ఏ ఫిట్టింగ్ దగ్గర పగులు ముందు వెతకాలి అన్నవి మాన్యువల్‌లో అరకొరగానే ఉంటాయి, మిగతాది వాళ్ళ నోట్లోనే ఉంది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కూర్చోబెట్టి అడగండి, మావయ్యనో తాతనో, మొదట "ఏటుందిరా చెప్పడానికి" అంటారు, ఒక పార్ట్ పేరు ఎత్తితే చాలు, ఆపడం కష్టం. మిలిటరీ గుట్టు అనిపించిన సంగతులు వాళ్ళే వదిలేస్తారు, బలవంతపెట్టొద్దు.

ఇంట్లో పాత గ్రూప్ ఫోటోలుంటే వెనకాల పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. మెత్తటి పెన్సిల్‌తో, అదీ అంచు మీద. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందు వైపు ముఖాల మీద గీతలు తేలతాయి.