గడువు తీరిన ట్రేడ్‌మార్కు: నోటీసు దగ్గరే అసలు తగవు

పదేళ్ల గడువు దాటినా రెన్యువల్ చేయించుకోని ట్రేడ్‌మార్కును యజమాని ఏళ్ల తర్వాత తిరిగి అడగవచ్చా అన్న తగవు మళ్లీ ముందుకు వచ్చింది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చి, అంతకుముందు ఏడేళ్లుగా ఉన్న రిజిస్ట్రేషన్ కాలాన్ని పదేళ్లు చేసిన సంగతి తెలిసిందే. నేటి వివాదాన్ని మలుపు తిప్పినవి మాత్రం 2013 నాటి రెండు తీర్పులు.

గడువు ముగిసేలోగా ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రార్ ఆ సంగతి తెలుపుతూ యజమానికి నోటీసు పంపాలని ఈ చట్టం 25వ సెక్షన్ ఆదేశిస్తుంది. అప్పట్లో దాన్ని ఓ-3 నోటీసు అనేవారు. మల్హోత్రా బుక్ డిపో కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, సిప్లా కేసులో బొంబాయి హైకోర్టు ఈ నోటీసు తప్పనిసరి అని తేల్చాయి. గడువు తీరడం వేరు, రిజిస్టరు నుంచి మార్కును కొట్టివేయడం వేరు. నోటీసు లేని కొట్టివేత చెల్లదు కనుక, యజమాని ఏళ్ల తర్వాత కూడా రెన్యువల్ కోరవచ్చన్నది వాటి సారం. క్లీనేజ్ ప్రొడక్ట్స్ కేసులో 2018లో బొంబాయి హైకోర్టు మళ్లీ ఇదే బాట పట్టింది.

పదేళ్ల లెక్క యజమానే చూసుకోవాలని, ఆ పేరు ఖాళీ అయిందని నమ్మి దరఖాస్తు చేసినవారు నష్టపోకూడదని అవతలి పక్షం అంటుంది. అందులో కొంత న్యాయముంది. అయితే తెలుగు రాష్ట్రాల చిన్న వ్యాపారుల దస్త్రాలు చెన్నై కార్యాలయంలో ఉంటాయి. తండ్రి పేరిట, ఎప్పుడో మూసేసిన కొట్టు చిరునామాతో ఉన్న పచ్చళ్ల బ్రాండుకు అక్కడి నుంచి బయలుదేరిన ఉత్తరం కొడుకు చేతికి అందదు. పేరుకు జీవం పోసిన కుటుంబం ఒక కాగితం చేరనందుకు దాన్ని పోగొట్టుకోవడం అన్యాయం.

2017 నిబంధనల ప్రకారం గడువుకు ఏడాది ముందు నుంచే టీఎం-ఆర్ ఫారంతో రెన్యువల్ కోరవచ్చు. ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు (సరుకులు, సేవల వర్గానికి) రూ. 9,000, గడువు దాటిన ఆరు నెలల్లోపైతే అదనంగా రూ. 4,500 సర్‌చార్జి. ఆ తర్వాత, గడువు తీరిన ఏడాదిలోపైతే రెన్యువల్ రుసుముతో పాటు పునరుద్ధరణకు మరో రూ. 9,000 కట్టాలి. ఆర్‌జీ-3గా మారిన నోటీసు ఇప్పుడు ఈమెయిల్‌లోనూ రావచ్చు. చాలా దస్త్రాల్లో ఉండేది యజమాని తరఫున అప్పట్లో దరఖాస్తు చూసిన పాత ఏజెంటు ఈమెయిలే కనుక, పంపినట్టు రిజిస్ట్రీ చూపే నమోదు చాలునా, యజమానికి అందినట్టు రుజువు కావాలా అన్నదాని చుట్టూనే ఇప్పటి వాదన తిరుగుతోంది.