డేటానా, క్లినికల్ రీసెర్చా? ఒక కాగితం దగ్గర మొదలైన కథ

గుంటూరు బ్రాడీపేటలోనూ విజయవాడ మొగల్రాజపురంలోనూ బి.ఫార్మసీ, ఫార్మ్.డి., స్టాటిస్టిక్స్ చదివిన పిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య ఒకటే తర్జనభర్జన. మందుల పరీక్షల అంకెలు చూసే డేటా వైపు వెళ్లాలా, రోగుల దగ్గర ఆ పరీక్షలు నడిపే క్లినికల్ రీసెర్చ్ వైపు వెళ్లాలా? కృత్రిమ మేధ ధాటికి ఏ ఉద్యోగం నిలుస్తుంది? అప్పు చేసి కోర్సు ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు ఇలా అడగడం న్యాయమే. ఔషధ రంగంలో ఈ రెండు దారులూ ఒకే కాగితం దగ్గర మొదలయ్యాయి. యంత్రం ఎంత దూరం వచ్చిందో ఆ కాగితం వెంట నడిస్తే తెలుస్తుంది.

దాని పేరు కేస్ రిపోర్ట్ ఫారం. కొత్త మందును పరీక్షించేటప్పుడు, రోగి ఆస్పత్రికి వచ్చిన ప్రతిసారీ బరువు, రక్తపోటు, మందు వేసుకున్న తేదీలు, కలిగిన ఇబ్బందులు అందులో నింపుతారు. ఒకప్పుడు అడుగున నకలు పడేలా పెన్ను ఒత్తిపట్టి రాసేవారు. ఆ నకలు కంపెనీకి చేరాక ఇద్దరు ఆపరేటర్లు ఒకే ఫారాన్ని విడివిడిగా టైపు చేసేవారు. ఇద్దరి అంకెలూ కలవకపోతే మూడో మనిషి కాగితం తీసి చూడాలి. రక్తపోటు 120 ఉండాల్సిన చోట 210 అని కనిపిస్తే ఆస్పత్రికి ‘క్వెరీ’, అంటే సందేహపత్రం, వెళ్లేది. అక్కడ దాన్ని సరిదిద్ది, తేదీ వేసి, సంతకం చేసి తిప్పి పంపేవారు. ఒక్క అంకె సరికావడానికి వారాలు పట్టేది. ఆ ఆలస్యంలోనే ఎందరికో ఉపాధి ఉండేది.

మన దేశంలో ఈ పనికి తలుపులు బార్లా తెరిచింది 2005. ఆ ఏడాది జనవరిలో ఔషధ నియమాల్లో మందుల పరీక్షలకు సంబంధించిన షెడ్యూల్ వై అనే భాగం మారింది. అంతకుముందు విదేశాల్లో కనిపెట్టిన మందును ఇక్కడ ఒక దశ వెనుకగానే పరీక్షించనిచ్చేవారు. ఆ మార్పుతో రెండో, మూడో దశ పరీక్షలు అక్కడితో పాటే ఇక్కడా జరిపే వీలు కలిగింది. మందుల మీద ఉత్పత్తి పేటెంట్లూ అప్పుడే అమల్లోకి వచ్చాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఆఫీసులు వెలిశాయి. గణాంకాల లెక్కలకు వాడే సాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామింగ్ అమీర్‌పేటలో నేర్చుకోవడానికి మన జిల్లాల పట్టభద్రులు రైలెక్కారు.

ఫారం కంప్యూటర్ తెర మీదికి మారడంతో మొదటి దెబ్బ పడింది. ఆస్పత్రిలో 210 అని కొట్టగానే ‘ఇది సరేనా’ అని తెరే అడుగుతుంది. రెండుసార్లు టైపు చేసే పని క్రమంగా కనుమరుగైంది. అప్పుడు కృత్రిమ మేధ అన్న మాటే వినపడలేదు. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బర్న్ 702 వృత్తులను పరిశీలించి, కంప్యూటర్ చేతికి వెళ్లే అవకాశం డేటా ఎంట్రీకి 99 శాతం, గణాంక నిపుణులకు 22 శాతం, నర్సులకు ఒక శాతం లోపు అని లెక్కగట్టారు. సాంకేతికంగా సాధ్యమా అన్నదే వారి అంచనా. ఫలానా ఏట ఉద్యోగం పోతుందన్న జోస్యం కాదు. అయినా ఆ వరుస ఈనాటికీ ఆలోచింపజేస్తుంది.

టైపింగు పోయినా డేటా వైపు ఉద్యోగాలు తగ్గలేదు, పెరిగాయి. 2016 డిసెంబరు 17 తరువాత మొదలయ్యే పరీక్షల డేటాను నిర్ణీత ప్రామాణిక రూపంలోనే ఇవ్వాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుబట్టింది. ఆ రూపంలోకి మార్చడానికి ప్రోగ్రామర్లు కావలసివచ్చారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అందరూ ఒకే అచ్చులో పోస్తే యంత్రానికి నేర్చుకోవడం తేలిక. ఉద్యోగాలిచ్చిన ఆ అచ్చే 2022 చివర కోడ్ రాయగల చాట్‌బాట్లు వచ్చేసరికి వాటికి దారి సిద్ధం చేసి పెట్టింది. పట్టికలు తయారుచేసే తొలి మెట్టు ప్రోగ్రామర్ కొలువు ఇప్పుడు అన్నింటికన్నా బలహీనంగా ఉంది. ఎందరు రోగులు కావాలి, మధ్యలో మానేసినవారిని ఎలా లెక్కించాలి అని నిర్ణయించే గణాంక నిపుణుల స్థానం అంత సులభంగా కదలదు.

క్లినికల్ వైపు చరిత్ర వేరు. అక్కడ దెబ్బ యంత్రం వల్ల తగల్లేదు. 2011లో మన పిడుగురాళ్ల పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి, క్యాన్సర్ మందుల బయో ఈక్వివలెన్స్ (నకలు మందు అసలు మందులాగే ఒంట్లో చేరుతుందా అని చూసే) పరీక్షల్లో చేర్చారన్న వార్త రాష్ట్రాన్ని కుదిపేసింది. ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టారో వారికి తెలిసిందా అన్నదే అందరి ప్రశ్న. ఔషధ నియంత్రణ అధికారులు ఆ సంస్థ అనుమతిని నిలిపివేశారు. అంతకు ఏడాది ముందే ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు ఆగిపోయింది. 2013లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది, పరిహారం నిబంధనలు వచ్చాయి, పరీక్షల సంఖ్య పడిపోయింది. కోర్సులు పూర్తిచేసి ఎదురుచూస్తున్న పిల్లలు ఆ రెండు మూడేళ్లు చాలా నష్టపోయారు. ఆ నష్టం బాధాకరమే. పిడుగురాళ్ల మహిళలకు జరిగినది అంతకన్నా పెద్ద అన్యాయం.

ఆ గాయాల నుంచి వచ్చిన నియమాలే ఇవాళ రోగి సమ్మతి తీసుకునే గదిలో మనిషిని కూర్చోబెడుతున్నాయి. 2015 నుంచి కొత్త రసాయన మందుల పరీక్షల్లో నిస్సహాయ స్థితిలో ఉన్నవారి సమ్మతిని వీడియోలో రికార్డు చేయాలి. 2019 నియమాలూ దాన్ని కొనసాగించాయి. ఆ గది ఎలా ఉంటుందో ఊహించండి. ఆస్పత్రిలో పరీక్ష పనులు చూసే కోఆర్డినేటర్ కెమెరా ముందు రోగికి తెలుగులో చెబుతుంది: “అమ్మా, మీరు వద్దన్నా మీ వైద్యం ఆగదు. ఎప్పుడైనా మానేయవచ్చు.” తరువాత, “ఇప్పుడు మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి” అంటుంది. ఆ రోగి జవాబుకు ముందు భర్త ముఖం చూస్తే, ఆ చూపును పట్టుకోవలసింది కోఆర్డినేటరే.

అలాగని క్లినికల్ ఉద్యోగాలన్నీ భద్రం అనుకోవద్దు. ఊరూరా తిరిగి ఫారాలు సరిచూసే మానిటర్ల ప్రయాణాలను తగ్గించమని 2013లోనే ఎఫ్‌డీఏ సూచించింది. కోవిడ్ దాన్ని వేగిరపరిచింది. దుష్ప్రభావాల నివేదికలు చదివి వివరాలు నింపే పని యంత్రం చేయగలదు. ఆ దుష్ప్రభావం మందు వల్లేనా అని తేల్చే బాధ్యత వైద్యుడిదే.

కోఆర్డినేటర్‌గా చేరితే తొలి జీతం సాధారణంగా డేటా కొలువుకన్నా తక్కువ. పనిమాత్రం ఆస్పత్రి ఉన్న చోటే ఉంటుంది. 1946 నాటి గుంటూరు వైద్య కళాశాల, విజయవాడ సిద్ధార్థ, మంగళగిరి ఎయిమ్స్ ఇక్కడే ఉన్నాయి. ఫీజు కట్టే ముందు ఆ సంస్థను రెండు మాటలు అడగండి: పిల్లలను ఎన్ని నెలలు ఆస్పత్రిలో ఉంచుతారు, అసలు పరీక్ష ప్రణాళికను మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎవరు చదివిస్తారు?