అప్పుడూ పదహారే, ఇప్పుడూ పదహారే

పాత నెల్లూరు జిల్లా తీరంలోని దుగరాజపట్నం పేరు మళ్లీ వినిపిస్తోంది. ఈసారి పోర్టుగా కాదు, నౌకా నిర్మాణ కేంద్రంగా. దాంతో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ప్రశ్న లేచింది. విభజన చట్టంలో రాసిచ్చిన మేజర్ పోర్టు, అంటే కేంద్రం చేతిలో ఉండే పెద్ద రేవు, ఏమైనట్టు? రాష్ట్రం ఎలా విడిపోయిందో అందరికీ తెలుసు, ఆ కథ వదిలేద్దాం. అసలు దెబ్బ పడింది 2014 మే 16న, లోక్‌సభ ఓట్లు లెక్కపెట్టిన రోజు.

ఆ రోజు బీజేపీకి సొంతంగానే 282 సీట్లు వచ్చాయి. మెజారిటీకి కావాల్సింది 272. మిత్రపక్షమైన టీడీపీకి వచ్చినవి 16. మంత్రి పదవులు దక్కాయి గానీ, ఆ పదహారు మందీ లేచి వచ్చేసినా సర్కారుకు ఢోకా లేదు. 2018 మార్చిలో టీడీపీ నిజంగానే కూటమి నుంచి బయటికొచ్చేసింది. ఢిల్లీలో ఏమీ కాలేదు.

చట్టం 13వ షెడ్యూలు తీసి చూడండి. కేంద్రం కొత్త మేజర్ పోర్టు కట్టాలి, మొదటి దశ 2018 చివరికల్లా పూర్తి కావాలి అని స్పష్టంగా ఉంది. ఊరి పేరు మాత్రం 'దుగ్గిరాజుపట్నం' అని పడింది. వాకాడు మండలంలో ఎవరూ ఆ ఊరిని అలా పిలవరు. పార్లమెంటు పాస్ చేసిన కాగితంలో మన ఊరి పేరే తప్పు పోతే మనసు చివుక్కుమంటుంది. గడువు దాటినా అక్కడ పని మొదలే కాలేదు.

పక్కనే కృష్ణపట్నం పోర్టు ఉంది, గిట్టుబాటు కాదు, వేరే చోటు చూపించండి అన్నది కేంద్రం మాట. కానీ చట్టం రాసేనాటికే కృష్ణపట్నంలో ఓడలు ఆగుతున్నాయి.

ఆ వేరే చోటు రామాయపట్నం. ప్రకాశం జిల్లా జనం ముందునుంచీ అడిగిన రేవు అదే. 2019 జనవరిలో చంద్రబాబు శంకుస్థాపన చేశారు. ఆ ఏడాది ఎన్నికల్లో వైసీపీకి 22 సీట్లొచ్చినా బీజేపీ 303కి పోయింది. వాళ్లకు 250 దాటకుండా ఉంటే మన అవసరం పడేదని గెలిచిన కొత్తలో జగనే అన్నారు. 2022 జులైలో ఆయనా అదే రేవుకు భూమి పూజ చేశారు. మొండివారిపాలెం, ఆవులవారిపాలెం, కర్లపాలెం మత్స్యకారులు దాని కోసం ఇళ్లు వదులుకున్నారు. అదీ మేజర్ పోర్టు కాదు, రాష్ట్రం కట్టుకుంటున్న రేవు.

2024 జూన్ 4న బీజేపీ 240 దగ్గర ఆగింది. టీడీపీకి మళ్లీ 16. 2014లో నెల్లూరు, ఒంగోలు రెండూ వైసీపీవి. ఇప్పుడు ఆ రెండూ ఈ పదహారులోనే ఉన్నాయి. అప్పుడు అక్కర్లేని సంఖ్యే ఇప్పుడు సర్కారుకు ఊతకర్ర. మన ఎంపీలు అడగాల్సిన సమయం ఇదే. రామాయపట్నం బెర్తుల కోసం తెచ్చిన అప్పు ఇంకా రాష్ట్రం నెత్తినే ఉంది.