మెడ దగ్గర గుర్తు, మెదడులో లెక్క

పిల్లలూ,

"తల కొయ్యకుండా, సూది గుచ్చకుండా మెదడుకి ఎంత రక్తం వెళ్తోందో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు కదా. ఎమ్మారై గదిలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి, రెండు ముక్కల్లో తేల్చెయ్యడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

మన బరువులో మెదడు 2 శాతమే. గుండె పంపే రక్తంలో మాత్రం దాదాపు 15 శాతం దానికే కావాలి. పెద్దవాళ్లలో ప్రతి 100 గ్రాముల మెదడుకి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్లు. అది 20 కన్నా తగ్గితే ఆ భాగం పనిచెయ్యదు, ఇంకా పడిపోతే కణాలు చచ్చిపోతాయి. పక్షవాతం వచ్చిన చాలామందిలో జరిగేది ఇదే.

1940ల్లో అమెరికాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ మనుషులకి నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, మెడలోని సిరలోంచి సూదితో రక్తం తీసి ఈ లెక్క కట్టారు. గొప్ప పని. కానీ మెదడు మొత్తానికి ఒకే అంకె వచ్చేది, ఏ మూల తగ్గిందో తెలిసేది కాదు.

1992లో జాన్ డెట్రే, అలన్ కొరెట్స్కీ, వాళ్ల తోటివాళ్లు ముందు ఎలుకల్లో ఇంకో దారి చూపించారు. రక్తంలో ఎక్కువ భాగం నీళ్లే కదా, ఆ నీళ్లకే గుర్తు పెట్టారు. సెలవుల్లో మీరు తూము దగ్గర బంతిపూలు వదిలి, కింద మడి దాకా పరుగెత్తుకెళ్లి ఎన్ని వచ్చాయో చూసేవారే, అలాగన్నమాట. మెడలో పైకి పోయే రక్తంలోని నీటి అణువుల అయస్కాంత దిశని రేడియో తరంగాలతో తలకిందులు చేస్తారు. సుమారు రెండు సెకన్లు ఆగుతారు. కాలువ నీరు మడిలో ఇంకినట్టు ఆ నీరు మెదడులో ఇంకుతుంది. అప్పుడు ఎమ్మారైతో మెదడు బొమ్మ తీస్తారు. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. తొందరపడితే పూలు ఇంకా దారిలోనే ఉంటాయి. ఆలస్యమైతే గుర్తు చెరిగిపోతుంది.

తర్వాత గుర్తు పెట్టకుండా మరో బొమ్మ. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మిగిలిందే కొత్తగా చేరిన రక్తం. ఆ తేడా నూటికి ఒక వంతు! అందుకే నాలుగైదు నిమిషాలు జతలు జతలుగా తీసి సగటు కడతారు. తల కదిలిందా, అంత చిన్న తేడా ఎటో పోతుంది.

ఒకసారి ఏడేళ్ల పాప వచ్చింది. పట్టీలు, పక్కపిన్నులు తీయించి, ఆ టకటక శబ్దం వినపడకుండా చెవులకి ప్లగ్గులు పెడుతుంటే "సూది ఉంటుందా?" అంది. లేదమ్మా అన్నాక గానీ పిడికిలి విప్పలేదు. పరీక్షంతా అయ్యేదాకా బొమ్మలా పడుకుంది. స్క్రీన్ మీద రంగుల పటం వచ్చింది. రక్తం ఎక్కువగా వెళ్లే చోట ఎరుపు. ఎరుపు మరీ ఎక్కువగా ఉందని నా పక్కన కొత్తగా చేరిన కుర్రాడు టెన్షన్ పడ్డాడు. పిల్లల పటం అలాగే ఉంటుంది. ఐదారేళ్ల వయసులో మెదడుకి పెద్దవాళ్ల కన్నా బాగా ఎక్కువ రక్తం వెళ్తుంది, ఎదిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది.

మీ తమ్ముడికి ఈ నెలలోనే కదా ఆరేళ్లు నిండేది.

ప్రేమతో,
తాతయ్య